ఉత్తచేతులతో గది దాటని అక్క

హసన్‌పర్తి దగ్గర నేను పనిచేసే కాలేజీ ఆఫీసులో హాల్ టికెట్ల మీద ముద్రలు వేస్తుండగా మా ఆయన ఫోన్ వచ్చింది. "వదిన పోయింది" అన్నాడు. ఏ వదిన అని అడగబోయి ఆగిపోయాను. ఆయనకు ఉన్నది ఒక్కతే వదిన. "స్కూటీ జర మెల్లగ నడుపుకుంట రా" అని పెట్టేశాడు.

పొద్దున నేను బయల్దేరేటప్పుడు గేటు దగ్గర నాతో మాట్లాడిన మనిషి. వంటింట్లో ఛాతీ పట్టుకుని కింద కూర్చుందట, దవాఖానకు చేర్చేలోపే అయిపోయిందట. నేను ఇల్లు చేరి, అందరినీ తప్పించుకుని వంటింట్లోకి తొంగిచూశాను. ఎందుకు చూశానో నాకే తెలియదు. పొయ్యి గట్టు తుడిచి ఉంది. తుడిచిన గుడ్డ పిండి కొక్కేనికి తగిలించి ఉంది. గొప్పకోసం చెప్పడం లేదు, చూశాను కాబట్టి చెబుతున్నాను. ఆమె పని అయిపోయాక తుడిచే రకం కాదు. పని చేస్తూనే తుడిచేది.

అక్క అంటే మా యారాలు, మా బావగారి భార్య. వరంగల్‌లో బజారు వెనక సందులో ఒకటే ఇల్లు మాది, కింద వాళ్ళు, మీద మేము. పోయినవాళ్ళ గురించి రాయడానికి కూర్చుంటే మనకు చెయ్యి ఆగదు, దేవత అనీ అన్నపూర్ణ అనీ రాసేస్తాం. మా యారాలు దేవత కాదు. నోటి దురుసు ఉండేది. సబ్బు నీళ్ళలో నానబెట్టి వదిలేశానని వారం రోజులు నాతో మాట్లాడకుండా ఉన్న మనిషి. ఆమె వండిన పప్పులో ఎప్పుడూ ఉప్పు తక్కువే. ఇవన్నీ ముందే చెప్పేస్తే తక్కినవి మీరు నమ్ముతారని నా ఆశ.

పెళ్ళయి వచ్చిన మర్నాడు కొత్త చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వంటింటివైపు పోతున్నాను. వెనకనుంచి ఆమె, "చెల్లే, అటే పోతానవ్ గద, ఆ చాయ్ కప్పు పట్టుకపో" అంది. పారాణి ఆరని కోడలితో అనే మాటేనా అది? నాకు ఒళ్ళు మండింది. సాయంత్రం మా అమ్మకు ఫోన్ చేసి, "నన్ను పనిమనిషి లెక్క చూస్తాంది" అని ఏడ్చాను. వారం తిరక్కుండా సంగతి అర్థమైంది. ఆమె అదే మాట మా అత్తగారితో అంటోంది, మామగారితో అంటోంది. నన్ను చూడటానికి వచ్చిన మా నాన్నతో కూడా అంది. "బాపూ, బయటికే పోతాండ్రు గద, జర ఈ చెత్త బుట్ట గేటు కాడ పెట్టుండ్రి." మా ఇంట్లో తాగిన గ్లాసు కూడా ఎత్తిపెట్టి ఎరగని మా నాన్న, ఆ బుట్ట పట్టుకుని కిక్కురుమనకుండా నడిచాడు. ఆ దృశ్యం చూశాక నా కోపం ఎటు పోయిందో తెలియదు.

ఒక గది నుంచి ఇంకో గదికి ఉత్తచేతులతో పోకూడదు. ఆమె పద్ధతి మొత్తానికి మొదటి మెట్టు అదే. "రోజంత ఇంట్ల నడుస్తనే ఉంటం. ఆ నడక ఉత్తగ ఎందుకు పోవాలె?" అనేది. పడకగదిలోంచి వస్తుంటే విడిచిన బట్టలు, హాల్లోంచి పోతుంటే పేపరు, మేడ ఎక్కుతుంటే మెట్టు మీద బుట్టలో ఉన్న మా పిల్లల సామాను. ఆ బుట్ట కూడా ఆమె ఏర్పాటే. మా వస్తువులు కింద ఎక్కడ దొరికినా అందులో పడేసేది. మేము పైకి పోయేటప్పుడు తీసుకుపోవాలి. తీసుకుపోకపోతే అరిచేది కాదు, మరుసటిరోజు బుట్టను ఒక మెట్టు పైన పెట్టేది. కాలికి అడ్డం వచ్చేదాకా అట్లా జరుపుతూ పోయేది. మా ఆయన బనియన్లు దాని వల్లనే ఒక దారికి వచ్చాయి.

దండెం మీద బట్టలు తీసేటప్పుడు అక్కడే మడత పెట్టేది. కుప్పగా తెచ్చి మంచం మీద వేయడం ఆమెకు తెలియదు. "మంచం మీద ఏసినవనుకో, ఆ కుప్పకు పిల్లలు పుడతయి" అనేది. స్నానం అయిపోగానే అదే తడిలో బాత్రూం గోడలకు ఒక బ్రష్షు తిప్పి వచ్చేది. దానికోసం మళ్ళీ ఒక రోజు పెట్టుకునేది కాదు. కూరగాయలు సంచిలోంచి ఫ్రిజ్‌లోకి పోయేముందే కొత్తిమీర వేళ్ళు తెగిపోయి ఉండేవి. ఊడ్చేటప్పుడు మూలల జోలికి పోకుండా మొదట మనుషులు నడిచే దారి ఊడ్చేది. ఎవరైనా వస్తే దారి శుభ్రంగా ఉంటే చాలు, మూలలు ఎవరూ చూడరని ఆమె లెక్క. మీరు ఈ ఒక్కటి చేసి చూడండి, హఠాత్తుగా చుట్టాలు దిగినప్పుడు పనికొస్తుంది.

నల్లా నీళ్ళు వచ్చి పోయేలోపు ఆమె ఇల్లు తెమిలిపోయేది. నేను ఆదివారం పొద్దంతా సర్ది సాయంత్రానికి నడుము పట్టుకుని కూర్చుంటే, ఆమె గడపలో కాళ్ళు చాపుకుని వీధిలో పోయేవాళ్ళందరితో ముచ్చట్లు పెట్టేది. ఒకసారి ఉక్రోషం పట్టలేక అడిగాను, నీకు పని ఎప్పుడు అయిపోతది అక్కా అని. "పని చేసుడు పెద్ద ముచ్చట కాదు చెల్లే. పని పుట్టకుంట చూసుకోవాలె" అంది. నేను ఆఫీసులో కూడా ఇప్పుడు కుర్చీలోంచి లేస్తే చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. మా సూపరింటెండెంట్ గారు దాన్ని క్రమశిక్షణ అనుకుంటున్నారు.

ఇదంతా మొదట్లో సంగతి. తర్వాత బావగారికి చూపు పోయింది.

స్టీలు సామాన్ల దుకాణం ఆయనది. షుగర్ కళ్ళకు దిగింది. ఒక్కసారి పోలేదు, కొంచెం కొంచెంగా పోయింది. చివరికి వెలుతురు ఉందో లేదో తెలిసేంత మాత్రం మిగిలింది. దుకాణం మా ఆయన చేతికి వచ్చింది, బావగారు ఇంటికి వచ్చేశారు. నిటారుగా నడిచే మనిషి, మాట పడనివాడు. దుకాణంలో ఇంకొకరి చేత గ్లాసెడు నీళ్ళు తెప్పించుకోలేదు ఎప్పుడూ. అట్లాంటి మనిషిని చెయ్యి పట్టుకుని బాత్రూంకు తీసుకుపోవాల్సి వస్తే ఏమవుతారో అని ఇంట్లో అందరికీ లోపల భయం. ఎవరూ పైకి అనలేదు.

అక్క కూడా ఏమీ అనలేదు. ఇంట్లో వస్తువులు మాత్రం కదలడం మానేశాయి. కుర్చీలు టేబుల్ కిందికి పూర్తిగా తోసి ఉండాలి. చెప్పులు అరలోనే. తలుపు అయితే బార్లా తెరిచి ఉండాలి, లేకపోతే పూర్తిగా వేసి ఉండాలి. సగం తెరిచిన తలుపు కనిపిస్తే ఎవరినైనా సరే తిట్టేది, ఆ అంచు సరిగ్గా నుదుటికి తగులుతుందని. హాల్లో గోడవారన స్టూలు, దాని మీద మంచినీళ్ళ కుండ, మూత మీద బోర్లించిన స్టీలు గ్లాసు. బావగారు కుర్చీలోంచి లేచి, ఎడమచేతి వేళ్ళు గోడకు ఆనించి నడిచివెళ్ళి, కుడిచెయ్యి చాపితే గ్లాసు చేతిలో ఉండేది. వెతుక్కోవడం లేదు, తడుముకోవడం లేదు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఆయనకు చూపు లేదని తెలియడానికి టైం పట్టేది.

వాళ్ళకు ఒక్కతే బిడ్డ. డోర్నకల్‌లో ఇచ్చారు, అల్లుడు రైల్వేలో పనిచేస్తాడు. ఆ పిల్ల ఒకసారి ముచ్చటపడి అద్దం టీపాయ్ కొని ఆటోలో వేసుకుని తెచ్చింది. అక్క దాన్ని గుమ్మం దాటనివ్వలేదు.

"మంచిగనే ఉన్నది బిడ్డా. ఎంత మంచిగున్నదో మీ బాపు మోకాలు చెప్తది" అంది.

పిల్ల అలిగి నాతో, "అమ్మకు సాఫ్ పిచ్చి పట్టింది చిన్నమ్మా" అంది. ఆ టీపాయ్ ఇప్పటికీ మా మేడ మీదే ఉంది.

పిచ్చి కాదని నాకు ఒకసారి తెలిసింది. మేడ మీద ఇద్దరం దుప్పట్లు మడత పెడుతున్నాం, చెరో అంచు పట్టుకుని. ఆమె ఉన్నట్టుండి, "రేపు నేను మంచం పడితె ఈయనను ఎవలన్న చెయ్యి పట్టుకొని నడిపిస్తరు. గదే నా ఫికర్" అంది.

"నడిపిస్తే తప్పేమున్నది అక్కా?"

"తప్పేం లేదు. అలవాటైతది. ఆయనకూ అయితది, నడిపించేటోళ్ళకూ అయితది. ఇగ ఆ కుర్చీలకెల్లి లేవడు."

అంతే అని, దుప్పటి నా చేతిలోంచి లాక్కుని చివరి మడత తానే వేసింది. నా మడతలు ఆమెకు నచ్చేవి కావు.

ఇక ఆ రోజులకు వస్తాను. ఇంట్లో చావు జరిగితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. గుమ్మం నిండా చెప్పులు, హాలు నిండా చాపలు, మూలమూలకూ సంచులు. మనిషిని తీసుకుపోయాక ఇల్లంతా కడిగారు. ఆనవాయితీ ప్రకారం పాత కుండ బయట పడేశారు. దివాను గోడకు జరిపారు, బావగారి కుర్చీ కిటికీ దగ్గరికి పోయింది. డోర్నకల్ పిల్ల ఏడుస్తూనే ఇల్లు తుడిచింది. అమ్మ ఇల్లు అమ్మ ఉన్నట్టే ఉండాలని పంతం పట్టి, అరలన్నీ ఖాళీ చేసి, కడిగి, మళ్ళీ సర్దింది. ఇల్లు అద్దంలా మెరిసిపోయింది. వచ్చినవాళ్ళంతా తల్లి పోలికే అన్నారు. ఒక్క వస్తువూ దాని చోట లేదు.

అక్క ఫోటోకు దండ వేసి ఎక్కడ పెట్టాలని ఎవరో అడిగితే, గుమ్మంలోంచి చూడగానే కనపడే చోటు అదేనని, హాల్లో గోడవారనున్న స్టూలు మీద పెట్టారు. ముందర దీపం. అప్పుడు నేను కూడా అక్కడే ఉన్నాను, బాగుందనే అనుకున్నాను.

మర్నాడు బావగారు లేచారు. చుట్టాలు చాపల మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. కుర్చీ చోటు మారినా ఆయన గోడను పట్టేసుకున్నారు. ఎడమచేతి వేళ్ళు గోడకు ఆనించి, ఎప్పటిలాగే నడిచి, కుడిచెయ్యి చాపారు. చేతికి బంతిపూల దండ తగిలింది. ఉలిక్కిపడి వెనక్కి తీసుకోబోతే ప్రమిద ఒరిగి నూనె కారింది, దీపం ఆరిపోయింది. అయ్యో దీపం అని నాలుగు గొంతులు ఒకేసారి లేచాయి.

"ఏందిది?" అన్నారు బావగారు, నూనె చెయ్యి గాల్లోనే పెట్టుకుని.

"అమ్మ ఫోటో, బాపూ" అంది పిల్ల.

ఆయన నూనె చెయ్యి లుంగీకి తుడుచుకున్నారు. తర్వాత, "నన్ను జర కూసోబెట్టుండ్రి" అన్నారు.

ఆ మాట ఆయన నోట మేమెవరం ఎప్పుడూ వినలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకుపోయి కూర్చోబెట్టింది. అప్పటినుంచి ఆయన తనంతట తాను లేవలేదు. బాత్రూంకు పిల్ల తీసుకుపోయేది, మంచం దగ్గరికి మా ఆయన తీసుకుపోయేవాడు. ఎవరికీ కష్టంగా లేదు. ప్రేమగానే చేశారు, అదే చిక్కు. చూస్తుండగానే అందరికీ అలవాటైపోయింది. పెద్దకర్మ కాగానే తండ్రిని డోర్నకల్ తీసుకుపోతానని పిల్ల తేల్చేసింది. "ఈడ ఎవలు చూస్తరు చిన్నమ్మా? నువ్వు ఆఫీసుకు పోతవ్. ఆడ నేనుంట, చెయ్యి పట్టుకొని నడిపిస్త" అంది. చిన్నమ్మ వరసైన నేను కాదనడానికి ఏముంది? ఆయన బట్టలు బ్యాగులో సర్ది వీధి తలుపు పక్కన పెట్టేసింది కూడా.

ఒక మధ్యాహ్నం నేను బియ్యం ఏరుతున్నాను. హాల్లోంచి బావగారి గొంతు వచ్చింది. "ఎవలన్న ఉన్నరా? జర నీళ్ళియ్యుండ్రి." గట్టిగా కాదు. ఎవరూ లేకపోతే ఊరుకుందామనుకునే మనిషి పిలిచినట్టు పిలిచారు. నాకు ఏడుపు వచ్చింది. అక్క శవం దగ్గర కూడా నాకు అంత ఏడుపు రాలేదు. నీళ్ళు ఇచ్చి, నేరుగా పెద్దావిడ దగ్గరికి పోయాను. ఆమె మా మామగారి చెల్లెలు, పాలంపేట నుంచి వచ్చింది. మా అత్తగారూ మామగారూ పోయాక ఆ ఇంట్లో కర్మకాండల విషయంలో ఆమె మాటే మాట.

"అత్తమ్మా, ఫోటో ఆ స్టూలు మీదికెల్లి తీస్త" అన్నాను.

"పెద్దకర్మ కానియ్యి. దీపం కదిలిస్తరా ఎవలన్న? ఒకసారి ఆరనే ఆరె" అంది.

"అది నీళ్ళ కుండ జాగ అత్తమ్మా. బావకు చెయ్యి అలవాటు. అక్క ఉంటే ఆమె ఫోటోను ఆమెనే తీసి పక్కకు పెట్టేటిది."

పెద్దావిడ వక్క నములుతూ, కిటికీ దగ్గర కూర్చున్న బావగారి వైపు చూసింది. ఆయన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు, పని లేని చేతులు. ఎత్తుకుని పెంచిన మేనల్లుడు ఆయన.

"జరుపు" అంది చివరికి. "ఆరకుంట జరుపు."

నేను, పిల్ల కలిసి జరిపాం. నేను ప్రమిద పట్టుకుంటే పిల్ల రెండు చేతులూ అడ్డం పెట్టింది. దేవుడి గది పక్కన ఎత్తుపీట మీద పెట్టాం. పిల్లకు ఇదంతా ఎందుకో అప్పటికి పూర్తిగా అర్థం కాలేదు. తల్లి ఉన్నప్పుడు పండగకో పబ్బానికో వచ్చిపోయే మనిషి, ఆమెకు ఆ ఇల్లు శుభ్రంగా ఉంటుందని మాత్రమే తెలుసు. నేను చెబుతుంటే జరుపుతూ వచ్చింది. దివాను, కుర్చీ ఎక్కడుండేవో షాబాదు బండలే చెప్పాయి. ఏళ్ళ తరబడి వాటి కాళ్ళు ఒకే చోట ఆని ఒత్తుకుపోయిన మచ్చలున్నాయి, ఎంత కడిగినా పోనివి. ఆ మచ్చల మీద కాళ్ళు పడేదాకా అటూ ఇటూ జరిపాం. కుర్చీ దాని మచ్చల మీద కూర్చున్నాక పిల్ల వంగి వాటిని వేలితో రాసి చూసి, "అమ్మ దీన్ని ఎన్నడు జరపలేదా?" అంది. లేదన్నాను. ఆ పిల్ల అక్కడే బండల మీద కూలబడి ఏడ్చింది. నేను ఆపలేదు.

సాయంత్రం రోడ్డు పక్కన కుండలమ్మే దగ్గర పాత కుండ ఎత్తుదే వెతికి తెచ్చాను. రెండు మూడు కుండలకు చెయ్యి చాపి చూసుకుంటుంటే అమ్మే ఆమె నన్ను వింతగా చూసింది. కుండ స్టూలెక్కింది. మూత మీద గ్లాసు బోర్లించాను. బావగారికి ఏమీ చెప్పలేదు. చెబితే, వద్దులే అంటారని భయం.

మర్నాడు పొద్దున చుట్టాలింకా లేవలేదు. పిల్ల, నేను వంటింటి గడప దగ్గర చాయ్ తాగుతున్నాం. బావగారి గది తలుపు బార్లా తెరుచుకుంది. ఆయన గుమ్మంలో నిలబడి, ఎవరినో పిలవబోయినట్టు నోరు తెరిచి, ఆగారు. ఒక అడుగు ముందుకు వేయగానే కాలికి ఆయన కుర్చీ కోడు తగిలింది. ఎప్పుడూ తగిలే చోటే తగిలింది. ఆయన వంగి కుర్చీ వీపు అంచు వెంట ఎడమచెయ్యి పోనిచ్చారు.

తర్వాత ఎడమచేతి వేళ్ళు గోడకు ఆనాయి.

పిల్ల చాయ్ గ్లాసు కింద పెట్టి ఒక్క ఉదుటున లేచింది. ఎదురుపోయి చెయ్యి పట్టుకుంటుందేమోనని నేను ఆపబోయాను. ఆమె ఆయన వైపు పోలేదు. వీధి తలుపు పక్కన, ఆయన దారికి అడ్డంగా ఉన్న బట్టల బ్యాగును చప్పుడు కాకుండా ఎత్తి, గుండెకు హత్తుకుని, ఆయనకు తగలకుండా పక్కకు ఒదిగి నిలబడింది.

ఆయన ఆమె పక్కనుంచే నడిచి వెళ్ళారు. కుడిచెయ్యి చాపబోయారు గానీ, అందులో అప్పటికే రాత్రి పాలు తాగిన గ్లాసు ఉంది. గదిలోంచి వస్తూ పట్టుకొచ్చారు. దాన్ని కిందికి వంగి స్టూలు పక్కన పెట్టి, అప్పుడు చెయ్యి చాపారు. స్టీలు గ్లాసు చేతిలోకి వచ్చింది. మూత తీసి, ముంచుకుని, గటగటా తాగారు. మూత పెట్టి, గ్లాసు బోర్లించారు. పాల గ్లాసు తీసుకుని మళ్ళీ గోడ పట్టుకుని నా వైపు, వంటింట్లోకి నడిచారు. నేను గడపలోంచి తప్పుకుని దారి ఇచ్చాను.

బోర్లించిన గ్లాసు చుట్టూ మూత మీద గుండ్రంగా తడి మచ్చ పడింది. అక్క ఉంటే వెంటనే తుడిచేసేది. నేను ఆ పూట తుడవలేదు.